మన వయసు వాళ్ళ భారత జట్టు



ఈ నెల గోడ పత్రికలో ఆటల పేజీ నా వంతు వచ్చింది. క్రికెట్ గురించి రాయమని సగం మంది, కబడ్డీ గురించి రాయమని సగం మంది అన్నారు. నేను ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. అదీ మెస్సీ, రొనాల్డోల గురించి కాదు. వాళ్ళ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మన వయసు పిల్లలు భారతదేశం చొక్కా వేసుకుని ఆడిన జట్ల గురించి రాస్తున్నాను. ఆ జట్ల పేర్లు చదువుతూ పోతే మన కొండల్లాంటి కొండల నుంచి, మన ఊళ్ళలాంటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే చాలామంది కనిపించారు. అంతేకాదు, ఇందులో మన హాస్టల్లో ప్రతి పిల్లవాడికీ పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అది కథ నడిచేకొద్దీ వస్తుంది. ఓపికగా చివరిదాకా చదవండి.

1. యూత్ జట్టు అంటే ఏమిటి?

ఒక దేశానికి ఒకే ఫుట్‌బాల్ జట్టు ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి దేశానికీ చాలా జట్లు ఉంటాయి. పెద్దవాళ్ళ జట్టుని సీనియర్ జట్టు అంటారు. దాని కింద అండర్-20, అండర్-17 లాంటి జట్లు ఉంటాయి. ఆడపిల్లలకి కూడా ఇదే వరస. అండర్-17 అంటే పదిహేడేళ్ళ లోపు వాళ్ళ జట్టు.

ఈ జట్లు ఎందుకు? మన పెద్దలు ఒక సామెత చెబుతారు గదా, మొక్కై వంగనిది మానై వంగునా అని. ఆటకీ అదే వర్తిస్తుంది. బంతిని పాదంతో ఆపడం, తల ఎత్తి చూస్తూ పరుగెత్తడం, ఎవరికి ఎప్పుడు పాస్ ఇవ్వాలో తెలుసుకోవడం చిన్నప్పుడే ఒంటికి పట్టాలి. ఇరవై రెండేళ్ళు వచ్చాక మొదలుపెడితే కాళ్ళు మాట వినవు. అందుకని అన్ని దేశాలూ పిల్లలకి వేరే జట్టు, వేరే పోటీలు పెట్టాయి. ఆసియా ఖండంలో యూత్ పోటీలు 1959లో మలయా దేశంలోని కౌలాలంపూర్‌లో మొదలయ్యాయి. ప్రపంచ స్థాయిలో యూత్ పోటీ 1977లో ట్యునీషియాలో మొదలైంది. ఇంకా చిన్నవాళ్ళకి, పదహారేళ్ళ లోపు వాళ్ళకి, 1985లో చైనాలో మొదలుపెట్టారు. 1991 నుంచి దాన్ని పదిహేడేళ్ళ లోపు పోటీగా మార్చారు. ఆడపిల్లల అండర్-17 ప్రపంచ కప్పు 2008లో న్యూజిలాండ్‌లో మొదలైంది.

కాబట్టి యూత్ జట్టు పని కప్పు గెలవడం ఒక్కటే కాదు. రేపటి సీనియర్ జట్టుకి నారు పోయడం. నారుమడిలో ఒక వాన ఎక్కువైనా పైరు పోయిందని మనం వ్యవసాయం మానుకోం గదా. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పెద్ద పెద్ద ఓటములు రాబోతున్నాయి.

2. 1974: మన హైదరాబాదు కుర్రవాడు కెప్టెన్

భారత యూత్ జట్టు చరిత్రలో అన్నింటికంటే పెద్ద రోజు 1974 ఏప్రిల్‌లో వచ్చింది. థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో ఆసియా యూత్ చాంపియన్‌షిప్ జరిగింది. భారత జట్టుకి కోచ్ అరుణ్ ఘోష్. ఆయన 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడిన మనిషి. కెప్టెన్ షబ్బీర్ అలీ. ఈయన మన హైదరాబాదు వాడు.

ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఇరాన్. అప్పట్లో ఇరాన్ కుర్రాళ్ళంటే ఆసియా మొత్తానికి భయం. 1973 నుంచి 1976 దాకా వరసగా నాలుగు సార్లు ఆ కప్పు మీద వాళ్ళ పేరు ఉంది. అలాంటి ఇరాన్‌తో మనవాళ్ళు 2-2 తో సమానంగా నిలిచారు. ఇప్పుడైతే పెనాల్టీ కిక్‌లు వేయించి ఎవరో ఒకరిని తేలుస్తారు. ఆ రోజు మాత్రం రెండు జట్లనీ చాంపియన్లుగా ప్రకటించారు. ఆసియా స్థాయిలో మన యూత్ జట్టు గెలిచిన కప్పు అదొక్కటే.

షబ్బీర్ అలీ గారు తరవాత సీనియర్ జట్టుకీ ఆడారు, కోచ్ కూడా అయ్యారు. 2011లో ఆయనకి ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే.

హైదరాబాదుకి ఫుట్‌బాల్ అంత బాగా ఎలా వచ్చిందని అడగొచ్చు. దానికి ఒక బడి పంతులు కారణం. సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదులో ఉపాధ్యాయుడు. ఆయనే భారత సీనియర్ జట్టుకి కోచ్ అయ్యి 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెప్పించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లల్ని చిన్నప్పుడే పట్టుకుని మెళకువలు నేర్పాలని ఆయన పట్టుబట్టేవారు. ఒక్క పంతులు గట్టిగా అనుకుంటే ఏం జరుగుతుందో చూడండి. మన ఉపాధ్యాయులు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా మనవి.

3. 2017: కొండ పిల్లాడి తల తగిలిన గోల్

1974 తరవాత చాలా ఏళ్ళు మన యూత్ జట్టు పేరు పెద్దగా వినిపించలేదు. ప్రపంచ కప్పులోకి అర్హత సంపాదించి వెళ్ళడం ఒక్కసారి కూడా కుదరలేదు. చివరికి 2017లో అండర్-17 ప్రపంచ కప్పుని మన దేశంలోనే జరపాలని నిర్ణయమైంది. పోటీ జరిపే దేశానికి అర్హత పోటీలు లేకుండానే చోటు ఇస్తారు. పెద్దవాళ్ళు, పిల్లలు అందరూ కలిపి చూసినా, ఫిఫా ప్రపంచ కప్పులో భారత జట్టు ఆడడం అదే మొదటిసారి.

జట్టు కోసం దేశమంతా వెతికారు. మొదట జర్మనీ కోచ్ నికొలాయ్ ఆడమ్ పిల్లల్ని తయారు చేశారు. 2017లో పోర్చుగల్ కోచ్ లూయిస్ నార్టన్ డి మాటోస్ వచ్చారు. చివరికి 21 మందిని ఎంపిక చేస్తే అందులో 8 మంది మణిపూర్ వాళ్ళు! మణిపూర్ ఎంత? మన దేశ పటంలో తూర్పు చివర చిన్న రాష్ట్రం. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో జట్టులో మూడో వంతుకి పైగా ఆ చిన్న రాష్ట్రం ఇచ్చింది. కెప్టెన్ అమర్‌జిత్ సింగ్ కియాం, గోల్ కీపర్ ధీరజ్ సింగ్, మిడ్‌ఫీల్డర్లు సురేశ్ సింగ్, జీక్సన్ సింగ్ అందరూ అక్కడివాళ్ళే. అమర్‌జిత్, జీక్సన్ ఇద్దరూ వరసకి అన్నదమ్ములు. అక్కడ ఆట అంటే ఊరంతటి పని. సాయంత్రం అయితే పిల్లలూ పెద్దలూ మైదానంలోనే ఉంటారు.

అక్టోబరు 6న ఢిల్లీలో అమెరికాతో మొదటి ఆట. మనవాళ్ళు 0-3 తో ఓడారు. అక్టోబరు 9న కొలంబియాతో రెండో ఆట. కొలంబియా 1-0 ఆధిక్యంలో ఉంది. 82వ నిమిషంలో మనకి కార్నర్ కిక్ దొరికింది. కార్నర్ కిక్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఎదుటి జట్టువాడు తమ గోల్ గీత అవతలికి బంతిని పంపేస్తే, మనం మైదానం మూల నుంచి బంతిని గాలిలోకి తన్నవచ్చు. గోల్ ముందు మన పొడగరులు కాచుకుని ఉంటారు. బెంగళూరు కుర్రవాడు సంజీవ్ స్టాలిన్ ఆ మూల నుంచి బంతి లేపాడు. జీక్సన్ ఎగిరి తలతో కొట్టాడు. బంతి వలలో పడింది. స్టేడియం హోరెత్తిపోయింది. ప్రపంచ కప్పులో భారతదేశం వేసిన మొట్టమొదటి గోల్ అది.

తరవాత ఏమైందో కూడా చెప్పాలి. సంతోషంలో మనవాళ్ళు ఇంకా సర్దుకోకముందే, మరుసటి నిమిషంలోనే కొలంబియా రెండో గోల్ వేసింది. 1-2 తో ఓడాం. అక్టోబరు 12న ఘనాతో 0-4 తో ఓడాం. మూడు ఆటలూ ఓడి ఇంటికి వచ్చాం. గోల్ వేసిన వెంటనే మనసు చెదురుతుందని, అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మన పి.ఇ.టి. సారు కబడ్డీలో చెప్పేది కూడా ఇదే.

ఓడినా ఆ పోటీ దేశానికి మేలు చేసింది. ఢిల్లీ, కోల్‌కతా, గౌహతి, కొచ్చి, మడ్‌గావ్, నవీ ముంబయిలలో కలిపి 13,47,133 మంది వచ్చి చూశారు. అండర్-17 ప్రపంచ కప్పుల్లో అంతకు ముందెన్నడూ అంతమంది రాలేదు. కోల్‌కతాలో జరిగిన ఫైనల్లో ఇంగ్లండ్ మొదట 0-2 తో వెనకబడి, చివరికి స్పెయిన్‌ని 5-2 తో ఓడించింది. ఇక మన జట్టులోని జీక్సన్, సురేశ్, అమర్‌జిత్ తరవాత పెద్దయ్యి సీనియర్ జట్టుకి ఆడారు. నారు పోస్తే పైరు వచ్చింది!

4. 2018: ఎవరూ పట్టించుకోని మంచి సంవత్సరం

ఆ మరుసటి ఏడు మన పిల్లలు రెండు పెద్ద పనులు చేశారు.

మొదటిది, ఆగస్టులో స్పెయిన్‌లో జరిగిన కోటిఫ్ కప్పులో మన అండర్-20 జట్టు అర్జెంటీనా అండర్-20 జట్టుని 2-1 తో ఓడించింది. దీపక్ టాంగ్రీ, అన్వర్ అలీ గోల్స్ వేశారు. రెండో సగంలో మనవాళ్ళలో ఒకరికి రెడ్ కార్డు పడి పదిమందే మిగిలారు. అయినా గెలిచారు. ఆ అర్జెంటీనా పిల్లల జట్టుకి అప్పటి కోచ్ ఎవరో తెలుసా? లియొనెల్ స్కలోని. 2022లో మెస్సీ జట్టుకి ప్రపంచ కప్పు తెచ్చిన కోచ్ ఆయనే. మన చేతిలో ఓడిన ఆ కుర్రాళ్ళే తరవాత తేరుకుని ఆ టోర్నమెంటు గెలిచారు కూడా. ఓడినవాడు ఎలా లేవాలో వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

రెండోది, ఆసియా అండర్-16 పోటీ. మలేషియాలో జరిగింది. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్. మనవాళ్ళు వియత్నాంని 1-0 తో ఓడించారు. ఇరాన్‌తో, ఇండోనేషియాతో 0-0. అంటే మూడు ఆటల్లో మన వలలో ఒక్క గోల్ కూడా పడలేదు. క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో 0-1 తో ఓడారు. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే, ఆతిథ్య దేశం అనే దయ లేకుండా, సొంత కాళ్ళ మీద 2019 ప్రపంచ కప్పుకి వెళ్ళేవాళ్ళు. ఒక్క గోల్ దూరం!

5. ఆడపిల్లల జట్టు, 0-8 అనే అంకె

ఇప్పుడు మన డార్మిటరీలో కొందరు అన్నలు నవ్విన విషయానికి వస్తున్నాను. ఆడపిల్లల జట్టు ఎనిమిది గోల్స్ తిన్నది, వాళ్ళకెందుకు ఫుట్‌బాల్ అన్నారు. ఆ ఎనిమిది వెనక ఉన్న కథ వినండి, తరవాత నవ్వాలనిపిస్తే నవ్వండి.

అండర్-17 ఆడపిల్లల ప్రపంచ కప్పు మన దేశంలో 2020లో జరగాలి. కరోనా వల్ల ముందు 2021కి వాయిదా వేశారు, తరవాత రద్దు చేశారు. ఇక్కడ ఒక లెక్క ఆలోచించండి. పెద్దవాళ్ళ పోటీ రెండేళ్ళు ఆలస్యమైతే ఆటగాళ్ళు ఎదురుచూస్తారు. పిల్లల పోటీ రెండేళ్ళు ఆలస్యమైతే వాళ్ళ వయసు దాటిపోతుంది. 2020 కోసం కష్టపడిన ఆడపిల్లలకి ఆ చోటు మళ్ళీ రాలేదు. 2022కి కొత్త పిల్లలతో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

2022 ఆగస్టులో ఇంకొక దెబ్బ. మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నడపడంలో బయటివాళ్ళ జోక్యం ఉందని ఫిఫా దాన్ని సస్పెండ్ చేసింది. ప్రపంచ కప్పు పోతుందేమోనని అందరూ భయపడ్డారు. ఆగస్టు 26న ఆ సస్పెన్షన్ ఎత్తేశారు. పోటీకి అప్పటికి ఇంక నెలన్నరే ఉంది. పెద్దవాళ్ళ తగాదాలో పిల్లల ఆట ఎలా ఊగిసలాడిందో చూడండి.

ఆ జట్టు కెప్టెన్ అష్టమ్ ఒరావ్. ఒరావ్ అనేది ఇంటిపేరు మాత్రమే కాదు, ఒక గిరిజన తెగ పేరు. మనలో కోయ, కొండదొర, భగత, సవర ఉన్నట్టు జార్ఖండ్‌లో ఒరావ్, ముండా, సంథాల్ ఉంటారు. అష్టమ్‌ది గుమ్లా జిల్లా. జట్టులోని 21 మందిలో 6 గురు జార్ఖండ్ పిల్లలే. గోల్ కీపర్లలో ఒకరి పేరు అంజలి ముండా. అష్టమ్ కెప్టెన్ అయ్యాక వాళ్ళ ఊరికి ప్రభుత్వం రోడ్డు వేయించింది. ఆ రోడ్డు పనిలో రోజు కూలీకి మట్టి మోసినవాళ్ళలో ఆమె అమ్మానాన్నలు కూడా ఉన్నారని పత్రికల్లో వచ్చింది. కూతురి పేరు మీద వచ్చిన రోడ్డుకి వాళ్ళే కూలీలు. దీన్ని చదివి నాకు సంతోషం వచ్చిందో బాధ వచ్చిందో చెప్పలేను.

అక్టోబరు 11న భువనేశ్వర్‌లో అమెరికాతో 0-8. అక్టోబరు 14న మొరాకోతో 0-3. అక్టోబరు 17న బ్రెజిల్‌తో 0-5. ఒక్క గోల్ వేయలేదు. నిజమే. కానీ అమెరికాలో ఆడపిల్లలు ఆరేడేళ్ళ నుంచే క్లబ్బుల్లో ఆడతారు, వారం వారం మ్యాచులు ఉంటాయి. మన పిల్లలకి వారం వారం మ్యాచులు ఎక్కడివి? ప్రాక్టీసు వేరు, మ్యాచు వేరు. పరీక్ష రాయకుండా ఏడాదంతా పుస్తకం చదివినవాడు మొదటిసారి పబ్లిక్ పరీక్షకి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తప్పు పిల్లలది కాదు, వాళ్ళకి మ్యాచులు పెట్టని పెద్దలది.

ఆ మొరాకోని చూడండి. ఆడపిల్లల అండర్-17 ప్రపంచ కప్పులో వాళ్ళకీ అదే మొదటిసారి. అయినా మనకంటే ముందునుంచే సిద్ధపడ్డారు, గెలిచారు. అంటే దారి మూసుకుపోలేదు, మనం ఆలస్యంగా బయలుదేరాం అంతే.

బయలుదేరినట్టే ఉన్నాం కూడా. 2025 ఆగస్టులో మన అండర్-20 ఆడపిల్లలు మయన్మార్‌లో మయన్మార్ జట్టునే 1-0 తో ఓడించి ఆసియా కప్పుకి అర్హత సంపాదించారు. 2006 తరవాత అదే మొదలు. అక్టోబరులో అండర్-17 ఆడపిల్లలు కిర్గిజ్‌స్థాన్‌లో ఉజ్బెకిస్థాన్‌ని 2-1 తో ఓడించి వాళ్ళూ ఆసియా కప్పుకి అర్హత సంపాదించారు. నవంబరు 30న అహ్మదాబాదులో మగపిల్లల అండర్-17 జట్టు ఇరాన్‌ని 2-1 తో ఓడించి తమ ఆసియా కప్పుకి అర్హత తెచ్చుకుంది. 1974లో కప్పు పంచుకున్న అదే ఇరాన్!

మన తెలుగు నేల నుంచి ఎవరూ లేరా అంటారేమో. ఉన్నారు. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి గుగులోత్ సౌమ్య. లంబాడీ అమ్మాయి. బాలికల జట్ల నుంచి మొదలుపెట్టి భారత సీనియర్ జట్టు దాకా ఎదిగింది. 2022లో యూరప్‌లోని క్రొయేషియాకి వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడింది. తండా నుంచి జాగ్రెబ్ దాకా!

6. మణికట్టు చెప్పే వయసు

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన అసలు సంగతి.

అండర్-17 అన్నప్పుడు వయసు ఎలా లెక్కపెడతారు? పుట్టినరోజు నుంచి కాదు. జనవరి 1 గీత గీస్తారు. 2017 ప్రపంచ కప్పుకి 2000 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళే అర్హులు. 1999 డిసెంబరు 31న పుట్టినవాడు ఒక్క రోజు తేడాతో బయట ఉండిపోతాడు.

మరి వయసు అబద్ధం చెబితే? చాలా దేశాల్లో పందొమ్మిదేళ్ళ వాళ్ళని పదిహేడు అని ఆడించారు. దాన్ని ఆపడానికి ఫిఫా 2009 అండర్-17 ప్రపంచ కప్పు నుంచి మగపిల్లలకి మణికట్టు ఎమ్మారై పరీక్ష పెట్టింది. మన మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు ఉంటాయి. బొటనవేలు వైపు ఉన్న ఎముక చివర, మణికట్టు దగ్గర, మెత్తటి మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఎదుగుదల అయిపోయేసరికి ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. పదిహేడేళ్ళ లోపు మగపిల్లల్లో అది పూర్తిగా కలిసిపోవడం చాలా అరుదు. ఎమ్మారైలో పొర పూర్తిగా కలిసిపోయి కనిపిస్తే ఆ కుర్రవాణ్ణి ఆడనివ్వరు. ఎక్స్‌రేలో ఉండే కిరణాలు ఎమ్మారైలో ఉండవు కాబట్టి పిల్లలకి హాని లేదు. ఆడపిల్లల ఎముకలు ముందుగానే గట్టిపడతాయి, అందుకని వాళ్ళకి ఈ పరీక్ష పనికిరాదు. వాళ్ళకి కాగితమే ఆధారం.

కాగితం! అక్కడే మన చిక్కు ఉంది.

మన క్లాసులో పుట్టినతేదీలు చూడండి. సగం మందిమి జూన్ నెలలోనే పుట్టాం! జూన్‌లో అంతమంది ఎలా పుడతారు? బడిలో చేర్పించేది జూన్‌లో కాబట్టి. తేదీ అడిగితే అమ్మానాన్నలకి తెలియదు, అందుకని ఏదో ఒక తేదీ రాసేస్తారు.

మా చెల్లి సంగతి చెబుతాను. అది వేరే ఊళ్ళో బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి చదువుతోంది. ఫుట్‌బాల్ నాకంటే బాగా ఆడుతుంది, ఒప్పుకోవాలి. రిజిస్టరులో దాని పుట్టినతేదీ 2014 జూన్ అని ఉంది. కానీ మా నాయనమ్మ మాట వేరు. హుద్‌హుద్ తుఫాను వచ్చి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లన్నీ విరిగిపడినప్పుడు అది ఇంకా అమ్మ కడుపులోనే ఉందట. సంక్రాంతికీ ఇటుకల పండుగకీ నడుమ పుట్టిందట. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12. అంటే చెల్లి పుట్టింది 2015 మొదట్లో. అక్టోబరులో కడుపులో ఉన్న పిల్ల జూన్‌లో ఎలా పుడుతుంది? నాయనమ్మకి చదువు రాదు గానీ లెక్క ఆమెదే సరైనది.

తేడా ఏడెనిమిది నెలలే గదా అనకండి. జనవరి 1 గీత మధ్యలో ఉంది. రిజిస్టరు ప్రకారం దానికి అండర్-17 ఆడే చివరి ఏడు 2031. నిజమైన తేదీ ప్రకారం 2032. ఒక కలం గీతతో పిల్లకి ఒక ఏడాది ఆట పోయింది. కొందరికి దీనికి తిరగబడి జరుగుతుంది. ఉన్న వయసు కంటే తక్కువ రాస్తారు. అప్పుడు ఏ తప్పూ చేయని పిల్లవాడు వయసు దొంగ అనిపించుకుంటాడు. ఆటే కాదు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం, అన్నింటికీ ఇదే తేదీ.

మరి ఏం చేయాలి? నేను తెలుసుకున్నది రాస్తున్నాను. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే డబ్బు కట్టక్కరలేదు. 21 దాటి 30 రోజుల్లోపు అయితే చిన్న ఆలస్య రుసుము. నెల దాటి ఏడాది లోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో చట్టం మార్చారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికైనా, ఓటరుగా చేరడానికైనా పుట్టినతేదీ రుజువు జనన ధృవపత్రమే. మనలాంటి పాతవాళ్ళకి అంగన్‌వాడీ రిజిస్టరు, కడుపుతో ఉన్నప్పుడు ఏ.ఎన్.ఎం. అక్క రాసిన కార్డు ఆధారంగా పనికొస్తాయి. అవి ఇంటి దూలం సందులో ఉన్నా వెతికి భద్రం చేయండి.

ఒక్క మాట. ఇది వయసు తగ్గించుకునే ఉపాయం కాదు. ఆధారం ఉన్న నిజమైన తేదీనే అడగాలి. తగ్గించుకున్నవాడు తనకంటే చిన్నవాడి చోటు లాక్కున్నట్టే.

7. మన మైదానం నుంచి దారి ఎటు?

బడి పిల్లలకి ఫుట్‌బాల్‌లో పెద్ద మెట్టు సుబ్రతో కప్పు. 1960లో మొదలైంది. భారత వైమానిక దళం నడుపుతుంది. బడి జట్టుగా కింది స్థాయిలో గెలిచి, జిల్లా, రాష్ట్రం దాటితే జాతీయ పోటీలకి వెళ్ళొచ్చు. ఆడపిల్లలకి వేరే విభాగం ఉంది. దీనికి కావలసింది పదకొండు జతల ఖరీదైన బూట్లు కాదు, ముందు ఒక బంతి, ఒక జట్టు, రోజూ ఒక గంట.

ఆడితే చదువు పాడవుతుందని వార్డెన్ సారు అంటారు. సారుకి గౌరవంతో ఒక పేరు చెబుతాను. డాక్టర్ టి. ఆవో. నాగాలాండ్‌లోని ఆవో తెగ మనిషి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకి మొదటి కెప్టెన్. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2 తో మాత్రమే ఓడారు. ఆవో గారు కోల్‌కతాలో వైద్యం చదువుతూ ఆడారు. డాక్టరు అయ్యారు. తిరిగి తన కొండలకే వెళ్ళి వైద్యం చేశారు. గిరిజన బిడ్డ, దేశానికి కెప్టెన్, ఊరికి డాక్టరు. మూడూ ఒకే మనిషి.

అందుకని నా మనవులు మూడు. ఒకటి, స్టడీ అవర్‌కి ముందు ఒక గంట ఫుట్‌బాల్‌కి ఇవ్వండి. రెండు, నెలకి ఒకసారైనా పక్క ఆశ్రమ పాఠశాలతో మ్యాచు పెట్టించండి, ఆడపిల్లల బడులకి కూడా. మూడు, అన్నింటికంటే ముఖ్యం, మూడు, నాలుగు, అయిదు తరగతుల తమ్ముళ్ళ పుట్టినతేదీలు ఈ ఏడాదే సరిచూడండి. తల్లిదండ్రులు హాస్టలుకి వచ్చినప్పుడు పండగలు, తుఫానులు అడిగి లెక్క కట్టే పని మా పదో తరగతి వాళ్ళం చేసి పెడతాం. మాకు ఆలస్యమైపోయింది. వాళ్ళకి కాలేదు.

గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

1948: టి. ఆవో కెప్టెన్, లండన్ ఒలింపిక్స్
1974: ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ చాంపియన్లు
2017: ప్రపంచ కప్పులో భారత్ మొదటి గోల్, జీక్సన్ సింగ్
2018: అర్జెంటీనా అండర్-20 జట్టుపై గెలుపు
2022: అష్టమ్ ఒరావ్ కెప్టెన్‌గా ఆడపిల్లల అండర్-17 ప్రపంచ కప్పు
2025: మూడు యూత్ జట్లకి ఆసియా కప్పు అర్హత

2026 పక్కన ఖాళీ గీత గీసి ఉంచాను. అక్కడ ఏం రాయాలో తెలిసినవాళ్ళు పెన్సిలుతో రాయండి. గోడ మీద మాత్రం రాయకండి, వార్డెన్ సారు తిడతారు.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి